తెలియదని చెప్పగలిగే క్యాలిక్యులేటర్

అందరికీ నమస్కారం. ప్రోగ్రామ్ చేసుకోగలిగే గ్రాఫింగ్ క్యాలిక్యులేటర్ మన ఇష్టప్రకారం తయారు చేయించుకునే వీలుంటే అది ఎలా ఉండాలో మాట్లాడమన్నారు. ఈ ప్రశ్న ఎవరిని అడిగినా జవాబు సిద్ధంగా ఉంటుంది: పెద్ద కలర్ స్క్రీన్, టచ్, త్రీడీ గ్రాఫులు, పైథాన్, వైఫై. నాకూ కోరికలున్నాయి, వాటి సంగతి తరువాత చూద్దాం. ముందు ఒక ప్రయోగం చేద్దాం. మీలో ఎవరి దగ్గరైనా టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ (టీఐ) వాళ్ల టీఐ-84 ప్లస్ క్యాలిక్యులేటర్ ఉంటే బయటికి తీయండి.

కోణాలు రేడియన్లలో పెట్టండి. విండోలో ఎక్స్ 0 నుంచి 2పై దాకా, వై -1.5 నుంచి 1.5 దాకా. ఇప్పుడు సైన్ 95ఎక్స్ గీయమనండి. ఆ కాస్త చోటులో 95 అలలు ఇరుక్కోవాలి కాబట్టి తెరంతా నల్లగా నిండిపోవాలి. ఏం కనబడుతోంది? ఒకే ఒక్క అల. నున్నగా, అందంగా, అచ్చం సైన్ ఎక్స్ లాగా. ఇప్పుడు 95 తీసి 94 పెట్టండి. అడ్డంగా ఒక గీత. 93 పెడితే మళ్లీ ఒకే అల, కాకపోతే తలకిందులుగా.

క్యాలిక్యులేటర్ పాడైపోలేదండి. ఆ తెర మీద గ్రాఫుకి వాడే నిలువు వరసలు 95, వాటి మధ్య ఖాళీలు 94. అంటే ఎక్స్ విలువ ఒక్కో అడుగుకీ 2పైలో 94వ వంతు చొప్పున జరుగుతుంది. దాన్ని 95తో గుణిస్తే ఒక పూర్తి చుట్టు, పైన ఇంకో అడుగు. పూర్తి చుట్టుని సైన్ పట్టించుకోదు. మిగిలిన ఆ ఒక్క అడుగు సైన్ ఎక్స్ వేసే అడుగే. కాబట్టి లెక్కగట్టిన ప్రతి చుక్కా నిజమే, వాటిని కలిపి గీసిన బొమ్మ మాత్రం అబద్ధం.

కలర్ తెర ఉన్న సీఈ మోడల్ చేతిలో ఉన్నవాళ్లు నవ్వుతున్నారు, మా దాంట్లో అలా రాలేదని. మీరు 95 బదులు 265 వేయండి. (నవ్వులు) వచ్చిందా? దాంట్లో వరసలు 265. తెర పెద్దదైతే అబద్ధం ఇంకాస్త దూరం జరుగుతుంది, అంతే. అందుకే పెద్ద స్క్రీన్ నా జాబితాలో మొదటి వరసలో లేదు.

నా మొదటి కోరిక ఒక్కటే. తనకి ఎంత తెలుసో, ఎక్కడి నుంచి తెలియదో నాకు చెప్పే క్యాలిక్యులేటర్ కావాలి. మిగతావన్నీ దాని తరువాతే.

ఇంకో ఉదాహరణ చూడండి. అదే యంత్రంలో ఒక బిందువు దగ్గర డెరివేటివ్ కట్టే ఫంక్షన్ ఉంది. దానికి 1 బై ఎక్స్ ఇచ్చి, ఎక్స్ 0 దగ్గర వాలు ఎంత అని అడగండి. అక్కడ ఫంక్షనే లేదు, ఇక వాలెక్కడిది? అయినా అది తడుముకోకుండా 10,00,000 అంటుంది. పది లక్షలు, పైసా తక్కువ కాదు. లోపల జరిగేది ఏమిటంటే, అది సున్నా దగ్గరికి వెళ్లనే వెళ్లదు. కుడివైపు 0.001 దగ్గర ఒక విలువ, ఎడమవైపు -0.001 దగ్గర ఒక విలువ తీసుకుంటుంది. అవి 1000, -1000. తేడా 2000. దాన్ని 0.002తో భాగిస్తే పది లక్షలు. మధ్యలో గొయ్యి ఉందో లేదో చూడకుండా ఇటు గట్టుకీ అటు గట్టుకీ తాడు కట్టి, ఇదే దారి అన్నట్టు. ఎక్స్ పరమమూల్యానికి సున్నా దగ్గర వాలు అడిగినా ఇదే తంతు, సున్నా అని చెబుతుంది. ఆ మొన దగ్గర డెరివేటివ్ ఉండదని మొదటి సంవత్సరం విద్యార్థికి తెలుసు, యంత్రానికి తెలియదు. తెలియకపోవడం తప్పు కాదు, అంత ధీమాగా చెప్పడమే నాకు నచ్చదు.

ఇక వర్గ సమీకరణం. పుస్తకంలో ఉన్న సూత్రాన్ని ప్రోగ్రామ్‌గా రాసుకోవడం మనందరం చేసే మొదటి పని. దానికి ఎక్స్ స్క్వేర్ మైనస్ పది కోట్ల ఎక్స్ ప్లస్ 1 ఈక్వల్స్ 0 అని ఇవ్వండి. మూలాల్లో ఒకటి దాదాపు పది కోట్లు, రెండోది దాదాపు పది కోట్లలో ఒక వంతు. 14 అంకెలతో లెక్కచేసే యంత్రం ఏం చేస్తుందో చూడండి. పది కోట్ల వర్గంలోంచి 4 తీసేయాలి. ఆ 4 పదిహేడో అంకె దగ్గర ఉంది, యంత్రానికి చూపు ఆనేది పద్నాలుగో అంకె దాకే. 4 గాలికి పోతుంది. వర్గమూలం కచ్చితంగా పది కోట్లు వస్తుంది. పది కోట్లలోంచి పది కోట్లు తీస్తే సున్నా. రెండో మూలం సున్నా అని తేల్చేస్తుంది. సున్నాని సమీకరణంలో పెట్టి చూస్తే 1 ఈక్వల్స్ 0. ఇది తెలిసినవాళ్లు పెద్ద మూలం ముందు కట్టి, రెండు మూలాల లబ్ధం 1 కాబట్టి చిన్నది భాగహారంతో రాబడతారు. తెలియనివాళ్లు? వాళ్లకి కనీసం పక్కన ఒక ఆశ్చర్యార్థకమైనా వెలగాలి కదా.

ఇది అత్యాశేమీ కాదు. 1979లో హెచ్‌పీ-34సీ అని ఒక క్యాలిక్యులేటర్ వచ్చింది. గ్రాఫులు లేవు, ఎర్రటి అంకెల డిస్‌ప్లే. అందులో సమీకరణం సాధించడానికి ఒక కీ, ఇంటిగ్రల్ కట్టడానికి ఒక కీ ఉండేవి. వాటి వెనక గణితానికి సలహా ఇచ్చిన వ్యక్తి విలియం కహాన్. కంప్యూటర్లలో దశాంశ సంఖ్యల లెక్కలకి ఇవాళ అందరం పాటించే ప్రమాణానికి పెద్దదిక్కు ఆయనే, 1989లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. ఆ ఇంటిగ్రల్ కీ నొక్కితే జవాబు, సంఖ్యని నిలవ ఉంచే ఎక్స్ రిజిస్టర్‌లో వచ్చేది. పక్కనే వై రిజిస్టర్‌లో ఇంకో సంఖ్య వచ్చేది: ఈ జవాబులో ఎంత వరకు తేడా ఉండవచ్చో దాని అంచనా. అడగకుండానే ఇచ్చేది! తరువాత 1982లో వచ్చిన హెచ్‌పీ-15సీలోనూ అంతే. ఇవాళ్టి యంత్రాలతో పోలిస్తే ఆ చిప్‌కి ఉన్న శక్తి ఏపాటి? అయినా తన జవాబు మీద తనకెంత నమ్మకమో చెప్పే సంస్కారం దానికి ఉంది. కలర్ తెరలు వచ్చే హడావిడిలో దీన్ని ఎక్కడో వదిలేశాం.

కాబట్టి నా క్యాలిక్యులేటర్‌లో సంఖ్యలు ఎలా ఉంటాయంటే, పూర్ణాంకాలు ఎంత పెద్దవైనా పూర్తిగా, భిన్నాలు భిన్నాలుగా, √2 ని √2 గా ఉంచుకుంటుంది. దశాంశం కావాలని నేను అడిగినప్పుడే దశాంశం ఇస్తుంది. ఇచ్చినప్పుడు నమ్మదగిన అంకెలు నల్లగా, అనుమానమున్న అంకెలు బూడిదరంగులో చూపిస్తుంది. ఇలాంటి దారులు ఇప్పటికే ఉన్నాయి. ఆండ్రాయిడ్ ఫోన్లలో గూగుల్ క్యాలిక్యులేటర్ తీసుకోండి. దాని వెనక హాన్స్ బోమ్ చేసిన పని ఉంది. 10 ఘాతం 100 వేసి, 1 కలిపి, మళ్లీ 10 ఘాతం 100 తీసేయండి. అది 1 అంటుంది. మామూలు క్యాలిక్యులేటర్లలో కొన్ని 0 అంటాయి, ఆ 1 వాటి అంకెల్లో పట్టదు కాబట్టి; చాలావాటిలో 10 ఘాతం 100 అనే సంఖ్యే పట్టదు, ఎర్రర్ ఇస్తాయి. బోమ్ పద్ధతిలో సంఖ్య అంటే నిలవ ఉంచిన అంకెల వరస కాదు. ఎన్ని అంకెలు అడిగితే అన్ని తయారుచేసి ఇవ్వగల చిన్న ప్రోగ్రామ్. తెర మీద వేలితో పక్కకి జరుపుతూ పోతే ఇంకా ఇంకా అంకెలు వస్తూనే ఉంటాయి. అయితే దీనికీ ఒక హద్దుంది. రెండు సంఖ్యలు కచ్చితంగా సమానమా కాదా అన్నది ఈ పద్ధతిలో అన్నిసార్లూ తేలదు. అలా తేలనప్పుడు తేలలేదనే చెప్పాలి, అదే నా షరతు.

గ్రాఫులకి కూడా మందు ఉంది. 2001లో జెఫ్ టప్పర్ అనే ఆయన ఒక పరిశోధన పత్రంలో దారి చూపించారు. ఒక్కో పిక్సెల్‌ని ఒక చుక్కగా కాకుండా ఒక చిన్న గడిగా చూడాలి. ఎక్స్ ఇక్కడి నుంచి ఇక్కడి దాకా ఎంతైనా కావచ్చు, అప్పుడు వై ఏ హద్దుల మధ్య ఉంటుంది అని లెక్కగట్టాలి. మధ్యలో ఏ విలువా తప్పించుకోదు. ఆ గడిలో వక్రరేఖ కచ్చితంగా ఉందని తేలితే నలుపు, కచ్చితంగా లేదని తేలితే తెలుపు. రెండూ తేలకపోతే గడిని ముక్కలు చేసి మళ్లీ చూడాలి. ఎంత చేసినా తేలకపోతే బూడిదరంగు. మన సైన్ 95ఎక్స్‌ని ఇలా గీస్తే అమాయకంగా ఒక్క అల రాదు, తెరంతా మందంగా ఒక పట్టీ వస్తుంది. అదే నిజం. టాన్ ఎక్స్ గీసినప్పుడు నిలువునా వచ్చే ఆ దొంగ గీతలు కూడా పోతాయి. గ్రాఫ్ రావడం నాలుగు సెకన్లు ఆలస్యమైతే అవనివ్వండి. ముందు గబగబా మామూలు బొమ్మ గీసి, వెనకాల నింపాదిగా సరిచేసుకుంటూ పోతే ఇంకా మంచిది.

గ్రాఫుల చరిత్ర ఒక్క మాటలో చెప్పి ముందుకెళ్తాను. మొదటి గ్రాఫింగ్ క్యాలిక్యులేటర్ 1985లో వచ్చిన క్యాసియో ఎఫ్‌ఎక్స్-7000జీ. తెర 96 బై 64 పిక్సెళ్లు. ప్రోగ్రాములకి ఇచ్చిన చోటు 422 బైట్లు. నేను ఇప్పుడు చెప్పిన ఈ నాలుగు వాక్యాలు తెలుగులో అందులో పట్టవు. 2004లో వచ్చిన టీఐ-84 ప్లస్ తెర కూడా 96 బై 64నే. పందొమ్మిదేళ్లు!

ఇక ప్రోగ్రామింగ్. పైథాన్ ఉందా లేదా అన్నదే ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న. పైథాన్ నాకు ఇష్టమే, రోజూ రాస్తాను, కానీ కీబోర్డ్ మీద. క్యాలిక్యులేటర్ మీద ఒక అండర్‌స్కోర్ కొట్టడానికి మెనూలోకి వెళ్లి వెతుక్కోవాలి. ఒక్కో అక్షరానికి ఆల్ఫా కీ. వరస మొదట్లో ఖాళీలు సరిగ్గా ఉన్నాయో లేదో ఆ చిన్న తెరలో చూసుకోవడం కళ్లకి శిక్ష. ఇంట్లో కంప్యూటర్‌లో రాసి ఇందులోకి ఎక్కించుకోవడమే అయితే సరే. బస్‌లో కూర్చుని బొటనవేళ్లతో రాయాలంటే అది వేరే భాష అయ్యుండాలి.

ఆ విషయంలో టీఐ క్యాలిక్యులేటర్లలోని పాత భాష టీఐ-బేసిక్ తెలివైనది. అందులో ఒక ఆదేశం మొత్తం ఒక్క దెబ్బకి తెర మీదికి వస్తుంది, మెమరీలో ఒకటి రెండు బైట్లే తీసుకుంటుంది, స్పెల్లింగ్ తప్పు పడే ప్రసక్తే లేదు. దాని జబ్బు వేరే చోట ఉంది. చరరాశులు ఏ నుంచి జెడ్ దాకా, తీటాతో కలిపి 27. అవీ అందరికీ ఉమ్మడి ఆస్తి. నా ప్రోగ్రామ్ ఇంకో ప్రోగ్రామ్‌ని పిలిస్తే, అది నా ‘ఏ’ చరరాశి విలువని చెరిపేసి తన పని చేసుకుని వస్తుంది. అడిగే దిక్కు లేదు. కాబట్టి నాకు కావలసింది ఇది: ఆదేశాలు టీఐ-బేసిక్‌లో లాగా ఒక్క కీకి ఒకటి రావాలి, ఫంక్షన్లు తమ చరరాశుల్ని తమ దగ్గరే ఉంచుకోవాలి, ప్రోగ్రామ్‌ని ఒక్కో అడుగు నడిపి చూసే కీ ఉండాలి. ఈ మూడోది పాత హెచ్‌పీల్లో నేరుగా కీబోర్డ్ మీదే ఉండేది. నొక్కిన ప్రతిసారీ ఒక ఆదేశం నడుస్తుంది, విలువ ఎలా మారిందో కనబడుతుంది. తప్పు పట్టుకోవడానికి ఇంతకంటే మంచి సాధనం నేను చూడలేదు.

సంఖ్య ముందు, ఆపరేషన్ తరువాత అనే ఆర్‌పీఎన్ పద్ధతి కావాలా వద్దా? ఈ గొడవలోకి దిగితే సాయంత్రం అయిపోతుంది. (నవ్వులు) నేను ఆర్‌పీఎన్ మనిషిని. బ్రాకెట్లు లెక్కపెట్టుకునే పని ఉండదు, మధ్యలో వచ్చిన ప్రతి విలువా కళ్ల ముందే ఉంటుంది. కానీ అందరి మీదా రుద్దను. స్విచ్ వేస్తే మారాలి, 2013లో వచ్చిన హెచ్‌పీ ప్రైమ్‌లో మారుతుంది కూడా.

ఒక్క విషయంలో మాత్రం పట్టు విడవను. ప్రమాణాలు సంఖ్యతో పాటే ప్రయాణం చేయాలి. 1990లో వచ్చిన హెచ్‌పీ-48ఎస్‌ఎక్స్‌లో 5 కిలోమీటర్లకి 300 మీటర్లు కలపమంటే కలిపి ఇచ్చేది. కిలోమీటర్లకి సెకన్లు కలపమంటే కుదరదని ఎర్రర్ ఇచ్చేది. ఇదీ ఒకరకంగా తెలియదని చెప్పడమే. చాలా ప్రోగ్రాముల్లో ఇవాళ్టికీ ఈ సౌకర్యం లేదు. భౌతికశాస్త్రం లెక్కల్లో సగం తప్పులు ప్రమాణాల దగ్గరే దొర్లుతాయని పేపర్లు దిద్దేవాళ్లెవర్ని అడిగినా చెబుతారు.

ఇప్పుడు కాస్త కోపం వచ్చే సంగతి. కొన్న తరువాత ఆ యంత్రం ఎవరిది?

1979లో వచ్చిన హెచ్‌పీ-41సీ వాడినవాళ్లు దాని లోపలి గుట్టు తవ్వి, మాన్యువల్‌లో లేని ఆదేశాల్ని బయటికి లాగారు. సింథటిక్ ప్రోగ్రామింగ్ అని దానికి పేరు కూడా పెట్టుకున్నారు. హెచ్‌పీ ఏం చేసింది? లోపలి కోడ్ లిస్టింగులనే అభిమానుల చేతికి ఇచ్చింది, సందేహాలొస్తే మమ్మల్ని అడగకండి అన్న ఒక్క షరతు మీద. ముప్పై ఏళ్లు ముందుకి రండి. 2009లో టీఐ-83 ప్లస్‌లో సొంత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించుకోకుండా వేసిన తాళానికి, అంటే 512 బిట్ల డిజిటల్ సంతకానికి, అభిమానులు మారుతాళం చేశారు. మిగతా మోడళ్ల తాళాలకి ఎందరో తమ కంప్యూటర్లని కలిపి పని పంచుకున్నారు. కంపెనీ ఈసారి లీగల్ నోటీసులు పంపింది. డిజిటల్ హక్కుల కోసం పనిచేసే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ ఆ అభిమానుల తరఫున నిలబడాల్సి వచ్చింది. 2020లో అదే కంపెనీ సీఈ మోడళ్లలో అసెంబ్లీ, సీ ప్రోగ్రాములు నడవకుండా కొత్త అప్‌డేట్‌లో ఆపేసింది. కారణం భద్రత అన్నారు. 2017లో ఫ్రాన్స్‌లో కోడ్ అంతా తెరిచి చూపిస్తూ మొదలైన క్యాలిక్యులేటర్ కంపెనీ నమ్‌వర్క్స్ కూడా 2021లో బయటివాళ్లు రాసిన సిస్టమ్ సాఫ్ట్‌వేర్‌కి తలుపులు బిగించింది.

కంపెనీల వైపు నుంచి కూడా చూద్దాం. పరీక్షలో కాపీ కొట్టకూడదు, ఆ మాట నిజం. ఫ్రాన్స్‌లో పరీక్ష మోడ్ అని ఒకటి ఉంది. అది వేయగానే మెమరీ అందకుండా పోతుంది, పైన ఒక లైటు మిణుకుమంటూ ఉంటుంది, పర్యవేక్షకుడు దూరం నుంచే చూసుకోవచ్చు. ఆ మోడ్‌ని ప్రోగ్రామ్‌తో నకిలీ చేస్తారేమోనని భయం. ఆ భయంతో మొత్తం యంత్రానికే సంకెళ్లు వేస్తున్నారు.

నా పరిష్కారం సాఫ్ట్‌వేర్‌లో కాదు, ఇనుములో. వెనక ఒక స్విచ్. పరీక్ష వైపు తిప్పితే నా మెమరీ చిప్‌కి కరెంటు తీగే తెగిపోవాలి. యంత్రం ఎవరూ మార్చలేని వేరే చిప్ నుంచి మొదలవ్వాలి. లైటు ఆ స్విచ్‌కే నేరుగా కట్టి ఉండాలి, ఏ ప్రోగ్రామూ దాన్ని వెలిగించలేదు, ఆర్పలేదు. పరీక్ష అయ్యాక స్విచ్ వెనక్కి తిప్పితే నా ప్రోగ్రాములన్నీ ఎక్కడివక్కడే ఉండాలి. అప్పుడు మిగతా సమయంలో అందులో నేనేం రాసుకున్నా ఎవరికీ నష్టం లేదు. అదనంగా ఒక చిప్, ఒక స్విచ్ ఖర్చు. దానికి బదులు తాళాలు, నోటీసులు, అప్‌డేట్లు. ఏది చవక?

మిగతా సరంజామా గబగబా చెప్పేస్తాను. ఎండలో కూడా కనబడి, తక్కువ కరెంటు తాగే మెమరీ ఎల్‌సీడీ తెర చాలు. స్విస్‌మైక్రోస్ డీఎం42 అనే క్యాలిక్యులేటర్‌లో 400 బై 240 తెర అలాంటిదే, అందులో లెక్కలు కూడా 34 అంకెలతో నడుస్తాయి. కీ నొక్కితే వేలికి తెలియాలి. ఆన్ చేసిన క్షణంలో సిద్ధంగా ఉండాలి. కంప్యూటర్‌కి తగిలిస్తే మామూలు పెన్‌డ్రైవ్‌లా కనబడాలి, ప్రోగ్రాములు మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా ఉండాలి. వైఫై వద్దు.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలోంచి: సార్, ఇవన్నీ ఫోన్‌లో యాప్‌గా చేసుకోవచ్చు కదా, వేరే యంత్రం ఎందుకు?)

లెక్కల వరకైతే చేసుకోవచ్చు. అమెరికాలో కాలేజీ ప్రవేశానికి రాసే డిజిటల్ ఎస్‌ఏటీ పరీక్షలో ఇప్పుడు డెస్మోస్ అనే గ్రాఫింగ్ క్యాలిక్యులేటర్ తెర మీదే వస్తోంది, చాలామందికి అదే సరిపోతుంది కూడా. నాకు సరిపోనిది రెండు కారణాల వల్ల. అద్దం మీద వేళ్లకి కీ ఎక్కడుందో తెలియదు, చూస్తూ కొట్టాలి. రెండోది, ఫోన్‌లో లెక్క మధ్యలో మెసేజ్ వస్తే లెక్క గోవిందా. ఈ రెండూ మీకు ఇబ్బంది కాకపోతే యాప్‌తో కానివ్వండి, నేను వాదించను.

(సభలోంచి: బీజగణితం కూడా అదే చేసేస్తే పిల్లలు నేర్చుకోవడం మానేయరా?)

జవాబు మాత్రమే ఇస్తే మానేస్తారు. అడుగులు చూపిస్తే, ఏ అడుగులో ఏ షరతు పెట్టుకుందో చెబితే, మానరని నా అభిప్రాయం. ఉదాహరణకి రెండువైపులా ఎక్స్‌తో భాగించినప్పుడు, ఎక్స్ సున్నా కాదనుకున్నాను సుమా అని పక్కన రాయాలి. ఇప్పుడున్న వాటిలో చాలావరకు ఆ షరతు మింగేస్తాయి.

(సభలోంచి: మీరు చెప్పింది ఇంకా రాలేదు. ఇవాళ కొనాలంటే ఏది కొనమంటారు?)

పరీక్ష కోసమైతే ఆ పరీక్షవాళ్లు ఒప్పుకునే జాబితా చూసి, అందులో మీ టీచర్‌కి బాగా తెలిసినది కొనండి. తరగతిలో సందేహం వస్తే తీర్చేవాళ్లు ఉండటం ఏ ఫీచర్ కంటే ఎక్కువ. సరదాకైతే ముందు ఏమీ కొనకండి. ఫ్రీ42 అనే క్యాలిక్యులేటర్ యాప్ ఉచితంగా దొరుకుతుంది, డీఎం42 లోపల నడిచేది కూడా అదే. ఫోన్‌లో వేసుకుని, ఆ వర్గ సమీకరణం ప్రోగ్రామ్ రాసి, పది కోట్లు ఇచ్చి చూడండి. 34 అంకెలు కాబట్టి అది గట్టెక్కుతుంది. గుణకాన్ని పెంచుకుంటూ పోండి, ఎక్కడో ఒకచోట అదీ సున్నా అంటుంది. ఎక్కడ అంటుందో ముందే కాగితం మీద లెక్కగట్టి, తరువాత నొక్కండి.